మూత మీద పట్టు ఉందా: అక్వేరియం నత్త బతికి ఉందో లేదో తేల్చుకోవడం

అక్వేరియంలో చేప చనిపోతే గది అవతలి నుంచే తెలిసిపోతుంది. పొట్ట పైకి తిరిగి తేలుతుంది, లేదా ఒక మూల వాలిపోయి మొప్పలు ఆడించడం మానేస్తుంది. నత్త దగ్గర ఈ లెక్కలేవీ పనికిరావు. బతికున్న నత్త రోజంతా రాయిలా పడి ఉండగలదు. వెల్లకిలా పడుతుంది, నీటిపై తేలుతుంది, గుల్లలోకి ముడుచుకుని మూత వేసుకుంటుంది. చనిపోయిన నత్త కూడా చూపులకు అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకే నత్తలు పెంచేవారు రెండు రకాల పొరపాట్లు చేస్తుంటారు. కొందరు బతికున్నదాన్ని చెత్తబుట్టలో వేస్తారు. మరికొందరు చనిపోయినదాన్ని ‘నిద్రపోతోందిలే’ అని వదిలేసి, రెండు రోజుల తర్వాత చేపలను కూడా పోగొట్టుకుంటారు.

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. అందరూ ముందుగా చూసేది కదులుతోందా లేదా అని. నత్త విషయంలో కదలిక లేకపోవడం దేనికీ రుజువు కాదు. ఆ సంగతి తెలియక బోల్తాపడినవారిలో పెద్ద పండితులు కూడా ఉన్నారు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 1846 మార్చి 25న ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ఎడారి నత్తగుల్లను ప్రదర్శన కోసం అట్టకు జిగురుతో అంటించారు. నాలుగేళ్లు అది అలాగే ఉంది. 1850 మార్చిలో గుల్ల నోటి దగ్గర అట్ట రంగు మారినట్లు కనిపించడంతో అనుమానం వచ్చి, దాన్ని ఊడదీసి గోరువెచ్చని నీటిలో ఉంచారు. నత్త మెల్లగా బయటికి వచ్చి పాకింది, ఆ తర్వాత క్యాబేజీ ఆకు కూడా తింది. అక్కడి నుంచి ఇంకో రెండేళ్లు బతికింది. అది నేల మీద బతికే జాతి, ఎండను తట్టుకోవడానికే పుట్టింది. అక్వేరియం నత్తకు అంత ఓపిక ఉండదు. కానీ నిపుణులు దాన్ని నాలుగేళ్లు వస్తువుల జాబితాలో ఉంచారంటే, కళ్లతో చూసి తేల్చడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

అలాంటప్పుడు దేన్ని చూడాలి? ఇందుకు నత్త ఒంటి కట్టు కొంచెం తెలియాలి. గుల్ల లోపల మెలికల నడుమ ఒక స్తంభం ఉంటుంది. బలమైన ఒక కండరం ఒక చివర ఆ స్తంభాన్ని, రెండో చివర నత్త పాదాన్ని పట్టుకుని ఉంటుంది. పాదం వెనక భాగం మీద, గోరులాగా గట్టిగా, గుండ్రంగా ఒక పలక అంటుకుని ఉంటుంది. నత్త పాకేటప్పుడు దాన్ని వీపున మోస్తుంది. భయపడినప్పుడు కండరం బిగుసుకుని ఒంటినంతా లోపలికి లాగుతుంది, చివరగా వచ్చే ఆ పలక గుమ్మానికి తలుపులా సరిపోతుంది. అదే మూత.

ఇక్కడ ఆల్చిప్పతో పోల్చి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ఆల్చిప్ప రెండు చిప్పల కీలు దగ్గర స్ప్రింగులాంటి పట్టీ ఉంటుంది. అది చిప్పలను ఎప్పుడూ తెరవాలనే చూస్తుంది, లోపలి కండరం వాటిని మూసి ఉంచుతుంది. ప్రాణం పోయి కండరం వదులైతే చిప్ప తనంతట తానే నోరు తెరుస్తుంది. నత్త మూతకు గుల్లతో కీలూ లేదు, స్ప్రింగూ లేదు. కండరం వదిలేశాక దాన్ని బయటికి నెట్టే శక్తి ఏదీ ఉండదు కాబట్టి, చనిపోయిన నత్త మూత ఎక్కడ ఆగితే అక్కడే ఉంటుంది. సగం తెరుచుకుని ఉండొచ్చు, లోపలికి జారి ఉండొచ్చు, కొన్ని గంటలపాటు మూసుకున్నట్లే కనిపించవచ్చు కూడా. మూత తెరిచి ఉందా, మూసి ఉందా అనే చూపుతో తీర్పు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. చూడవలసింది మూత మీద పట్టును.

పట్టు తెలుసుకోవడం పెద్ద పనేమీ కాదు. శుభ్రంగా కడుక్కున్న చేతితో నత్తను నీటిలోంచి తీసి, మూత అంచును వేలికొనతో మెత్తగా తాకాలి. సబ్బు వాసన, శానిటైజర్ చేతికి అంటుకుని ఉండకూడదు. దుకాణాల్లో దొరికే, మూత ఉండే మిస్టరీ నత్త బతికి ఉంటే, తాకిన వెంటనే మూత ఇంకాస్త లోపలికి బిగుసుకుంటుంది, లేదా వేలికి ఎదురు నిలిచినట్లు గట్టిగా ఉంటుంది. కొన్నిసార్లు లోపలికి ముడుచుకునేటప్పుడు గాలి బుడగలు బయటికి వస్తాయి, చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఊపిరితిత్తిలోని గాలిని ఖాళీ చేసుకుంటోందని అర్థం, ఆనందించదగ్గ సంగతి. మూత అటూ ఇటూ ఊగుతూ, వేలు ఎటు నెడితే అటు పోతుంటే కండరం పని చేయడం లేదన్నమాట. తాకితే చాలు, లాగకూడదు. మూత ఊడుతుందేమో చూద్దామని గోటితో లాగితే, బతికున్న నత్తకు మూత నుంచి పాదం తెగిపోతుంది. పరీక్షే ప్రాణం తీస్తుంది. ఉప్పు చల్లి చూడటం, వేడినీటిలో వేసి చూడటం కూడా ఈ కోవలోవే. ఇలాంటి సలహాలు ఇచ్చేవారికి సమాధానం కావాలి తప్ప నత్త అక్కరలేదనుకోవాలి.

మూతే లేని నత్తల సంగతి వేరు. చక్రంలా చుట్టుకున్న గుల్ల ఉండే రామ్స్‌హార్న్, మొక్కలతో పాటు పిలవకుండానే వచ్చే బ్లాడర్ నత్త ఈ రకం. వీటిలో గుల్ల పలుచగా ఉండటం ఒక సౌకర్యం. ఫోను లైటు ముందు పట్టుకుంటే చిన్న బ్లాడర్ నత్త గుండె కొట్టుకోవడం గుల్లలోంచే కనిపిస్తుంది. అంతకు మించిన రుజువు అక్కరలేదు. రామ్స్‌హార్న్ గుల్ల ముదురు రంగులో ఉంటే ఇది కుదరదు. అప్పుడు మెత్తని కుంచెతో గుమ్మం దగ్గర కనిపించే ఒంటిని తాకి, అది ముడుచుకుంటుందేమో చూడాలి. నెరైట్ అనే మరో రకం అక్వేరియం నత్తకు మూత ఉంటుంది కానీ చిన్నది, గుల్ల కూడా మందం. వెల్లకిలా పడితే తిరిగి బోర్లా తిరగడం దానికి చాలా కష్టం. అడుగున తలకిందులుగా కనిపించిన నెరైట్‌ను ముందు సరిగ్గా తిప్పి, గాజుకు దగ్గరగా పెట్టి, పూట తర్వాత చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. నెరైట్ చనిపోతే కొన్నాళ్లకు మూత ఊడి ఇసుకలో చిన్న పొలుసులా దొరుకుతుంది.

మూత మీద పట్టు చూశాక కూడా అనుమానం మిగిలితే మిగతా పని ముక్కు చేస్తుంది. చనిపోయిన నత్త వాసన ఒకసారి చూసినవారు మరచిపోరు. నత్త ఒళ్లంతా మాంసకృత్తులే, అది కుళ్లేది గుల్ల అనే మూసిన గది లోపల. గాలి ఆడని ఆ చోట బాక్టీరియా మాంసకృత్తులను విరగ్గొట్టి అమైన్‌లు అనే కంపు కొట్టే పదార్థాలు, గంధకపు వాయువులు తయారు చేస్తుంది. కుళ్లిన మాంసపు కంపుకు కారణమైన పుట్రెసిన్, కాడవరిన్‌లను బెర్లిన్ వైద్యుడు లుడ్విగ్ బ్రీగర్ 1885లో గుర్తించాడు. నత్తగుల్లలో కూర్చుని ముక్కు మూయించేది ఈ కుటుంబమే. బతికున్న నత్త నుంచి చెరువు నీటి వాసన, పాచి వాసన వస్తుంది, అది వేరు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. వాసన ఆలస్యంగా వస్తుంది. 30 డిగ్రీల నీటిలో పూటలోనో రోజులోనో గుప్పుమంటుంది, హీటరు లేని చల్లని ట్యాంకులో ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. కంపు కొడితే చనిపోయినట్లే. ఇంకా కంపు కొట్టడం లేదని బతికున్నట్లు కాదు.

మధ్యలో ఉన్న ఈ సందిగ్ధ సమయానికి విడి గిన్నె కన్నా మంచి ఉపాయం లేదు. అదే ట్యాంకు నీటిని వెడల్పాటి గిన్నెలో లోతు తక్కువగా పోసి, నత్తను గుమ్మం కిందికి వచ్చేలా పెట్టి, ఒక రోజు వదిలేయాలి. పక్కన ఉడికించిన పాలకూర రేకు, కీరదోస ముక్క ఉంచవచ్చు. లోతు తక్కువ ఎందుకంటే, మిస్టరీ నత్తకు మొప్పతో పాటు ఊపిరితిత్తి కూడా ఉంది. ఎడమవైపు నుంచి గొట్టం చాచి నీటి పైనున్న గాలిని పీలుస్తుంది, నీరసించిన నత్త పైకి ఎక్కలేదు. ఈ పద్ధతిలోని అసలు తెలివి వేరే ఉంది. చనిపోయిన నత్త 60 లీటర్ల నీటిలో విడుదల చేసే మలినం మొదట్లో కంటికి ఆనదు. అదే అర లీటరులో అయితే తెల్లారేసరికి నీరు తెల్లగా మసకబారి, పైన నురగ కట్టి, వాసన వేస్తుంది. గిన్నె సమాధానాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. పైగా నిర్ణయం తప్పినా నష్టం లేదు: బతికుంటే ఒక రోజు విశ్రాంతి దొరికింది, చనిపోయి ఉంటే ట్యాంకు పాడు కాలేదు. నత్త పోయిందా లేదా అని గంటలు గంటలు గాజుకు ముక్కు ఆనించి చూసేకన్నా ఇది హాయి.

బతికున్న నత్తలు ఎందుకిన్ని వేషాలు వేస్తాయన్నది ఇంకో ముచ్చట. నిద్ర అందులో ఒకటి. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో లిమ్నియా అనే చెరువు నత్తల మీద జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. వాటికి రాత్రి, పగలు అనే లెక్క లేదని, 13 నుంచి 15 గంటల వ్యవధిలో ఏడు దఫాలుగా కునుకు తీసి, ఆ తర్వాత 30 గంటలకు పైగా ఏకధాటిగా మెలకువగా తిరుగుతాయని అందులో తేలింది. కునుకులో ఉన్నప్పుడు పాదం, కొమ్ములు సడలిపోతాయి, గుల్ల కొద్దిగా వేలాడుతుంది. మిస్టరీ నత్తలు కూడా మూత ఓరగా తెరిచి, ఒళ్లు వదులుగా వేలాడదీసి పడి ఉండటం మామూలే. తెలియనివారికి ఆ భంగిమ శవంలాగే కనిపిస్తుంది. తాకగానే ముడుచుకుంటే అది నిద్ర.

తేలడం కూడా అంతే. ఊపిరితిత్తిలో గాలి ఎక్కువైతే మిస్టరీ నత్త బంతిలా నీటిపై తిరుగుతుంది, ఒక్కోసారి రోజంతా. కుళ్లినప్పుడు పుట్టే వాయువులతో చనిపోయిన నత్త కూడా తేలుతుంది. కాబట్టి తేలడాన్ని ఎటువైపు సాక్ష్యంగానూ తీసుకోకూడదు. ట్రంపెట్ నత్తలు పగలంతా ఇసుకలో దూరి రాత్రి బయటికి వస్తాయి. వారం రోజులు కనబడకపోయినా కంగారు అక్కరలేదు. కంగారు పడవలసింది అవన్నీ పట్టపగలు గుంపుగా గాజు ఎక్కినప్పుడు. నీటిలో ప్రాణవాయువు తగ్గిందనో, మలినం పెరిగిందనో అది ముందస్తు కబురు.

నత్త నెలల తరబడి మూసుకుని బతకగలదని చాలామంది విని ఉంటారు. నిజమే, కానీ అది ఏ నత్త, ఎక్కడ అన్నది ముఖ్యం. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి పైలా గుర్తుంటుంది. మన చెరువుల్లో, వరి మడుల్లో కనిపించే పెద్ద నత్తగుల్ల అదే. వేసవిలో చెరువు ఎండిపోతుంటే అది బురదలోకి దిగి, సున్నపురాయిలా గట్టిగా ఉండే మూతను బిగించి, ఊపిరితిత్తి సాయంతో ప్రాణం నిలుపుకుంటుంది. వానలు పడగానే లేచి వస్తుంది. దుకాణాల్లో దొరికే పసుపు, నీలం, ఊదా రంగుల మిస్టరీ నత్త దాని దక్షిణ అమెరికా దాయాది. దాని మూత సున్నం కాదు, కొమ్ములాంటి పదార్థం. పైలా చేసే పనిని చూసి, ట్యాంకులో మూసుకున్న నత్తను వారాల తరబడి వదిలేయడం తప్పు. ఎండిన బురదలోని నిద్ర వేరు, వెచ్చని నీటిలో మూసుకోవడం వేరు. నిండా నీళ్లున్న ట్యాంకులో మూడు నాలుగు రోజులు మూత తీయని నత్త నిద్రపోవడం లేదు, నీటి నుంచి దాక్కుంటోంది. అంటే పరీక్షించవలసింది నత్తను ఒక్కదాన్నే కాదు, నీటిని కూడా.

తెలుగు నేల మీద ఆ నీటికి ఎండాకాలమే పెద్ద గండం. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో దాదాపు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో వేడికి నత్త ఒంట్లో ప్రాణవాయువు ఖర్చు పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కిటికీ పక్కనున్న ట్యాంకులో కరెంటు పోయి గాలి పంపు ఆగితే, నత్తలు నీటిమట్టం దగ్గరికి చేరడమో, అడుగున మూసుకుని పడిపోవడమో జరుగుతుంది. ఇలాంటి నత్తను చనిపోయిందని పారేయడం తొందరపాటు. గాలి అందేలా చేసి, వేరే గిన్నెలో పెడితే కోలుకునే అవకాశం ఉంది.

రెండో గండం మందు. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. చేప తట్టుకునే మోతాదు నత్తకు విషం. చెరువుల్లో నత్తలను చంపడానికి రాగి లవణమైన మైలుతుత్తం వాడేది ఈ కారణంగానే. వింత ఏమిటంటే, మిస్టరీ నత్త రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలోనే రాగి ఉంది, అందుకే ఆ రక్తం లేత నీలంగా ఉంటుంది. ఒంట్లో కట్టుబడి ఉన్న రాగి ఊపిరి పోస్తుంది, నీటిలో విడిగా ఉన్నది ఊపిరి తీస్తుంది. ఎర్రటి రామ్స్‌హార్న్ రక్తంలో ఉండేది మన రక్తంలోలాగే హిమోగ్లోబిన్, అయినా రాగి దానికీ చేటే. రాగి తగిలిన నత్త మొదట ముడుచుకుంటుంది. తర్వాత పాదం బయటికి వేలాడేసి, దేనికీ అతుక్కోలేక ఒరిగిపోతుంది. చూపుకు చనిపోయినట్లే ఉంటుంది, తాకితే చాలా ఆలస్యంగా, కొద్దిగా కదులుతుంది. ఈ దశలో శుభ్రమైన నీటిలోకి మార్చడం తప్ప చేయగలిగింది లేదు. అందులో కొన్ని దక్కుతాయి, కొన్ని దక్కవు.

ఇక చనిపోయినట్లు తేలాక ఆలస్యం పనికిరాదు. నిమ్మకాయంత నత్త చిన్న ట్యాంకులో కుళ్లితే వచ్చే అమ్మోనియాను ఫిల్టరులోని బాక్టీరియా ఒక్కసారిగా అరిగించుకోలేదు. అమ్మోనియా ఎంత విషమన్నది నీటి స్వభావాన్ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కూడా కాదు. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, క్షారగుణం ఉన్నవి. నత్త గుల్ల పెరగడానికి ఆ సున్నం మంచిదే. కానీ నత్త చనిపోయిన రోజున అదే నీరు చేపల మీద తిరగబడుతుంది. శవాన్ని తీసేసి, మూడో వంతు నీరు మార్చి, ఒకటి రెండు రోజులు చేపలకు మేత తగ్గిస్తే సరిపోతుంది. తీసిన నత్తను కుండీ మట్టిలో లోతుగా పాతవచ్చు. చనిపోయిందని గట్టిగా తేలకుండా కాలువలోనో చెరువులోనో విసరడం మాత్రం మంచిది కాదు. విదేశీ నత్త బతికుంటే వరి మడికి కొత్త శత్రువు కావచ్చు.

అసలు ఎందుకు చనిపోయింది అని తల పట్టుకునేవారికి ఒక మాట. మిస్టరీ నత్త ఆయుష్షు సుమారు ఏడాది, మహా అయితే రెండేళ్లు, నీరు ఎంత వెచ్చగా ఉంటే అంత తక్కువ. దుకాణంలో పెద్ద నత్తను ఏరి కొనడమంటే, సగం ఆయుష్షు గడిచిపోయినదాన్ని కొనడమే. ఇంటికి వచ్చిన నాలుగైదు నెలలకు అది పోతే తప్పు నీటిదీ కాకపోవచ్చు, పెంచినవారిదీ కాకపోవచ్చు. ఇసుకలో ఖాళీ గుల్ల మాత్రమే దొరికితే నత్త ఎప్పుడో పోయింది, మిగతా నత్తలు, చేపలు శుభ్రంగా తినేశాయన్నమాట. ఆ గుల్లను కడిగి ట్యాంకులోనే వదిలేయవచ్చు. ఆర్వో నీళ్లు పోసే ఇళ్లలో అది మెల్లగా అరిగి, ఆ నీటిలో కొరవడిన సున్నాన్ని మిగిలిన నత్తలకు కొద్దికొద్దిగా అందిస్తుంది.